మహబూబ్ గంజు

మొన్న ఆదివారం పొద్దున మా ఆవిడ చపాతీలు కాలుస్తూ, ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళ్లింది. ఇంద్రేశంలో మేముండే అపార్టుమెంటు నాలుగో అంతస్తులో వంటింటి కిటికీ గుండా మామూలుగా వచ్చేది పక్క వెంచర్‌లో కడుతున్న ఇళ్ల తడి సిమెంటు వాసన, సాయంత్రం గాలి తిరిగితే ఫ్యాక్టరీల వైపు నుంచి మగ్గిన పండు లాంటి ఒక ఘాటు. ఆ పొద్దున మాత్రం పెనం అంచుకు అతుక్కున్న పిండి ముద్ద ఒకటి మెల్లగా ఎర్రబడి, తర్వాత నల్లబడి, కాలిన గోధుమపిండి వాసన ఇల్లంతా నిండింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపి, "ఎదురుంగనే కూసున్నవు గద, ముక్కు పనిచేస్తలేదా?" అని కసిరింది. ముక్కు బాగానే పనిచేస్తోంది. ముప్పై ఏళ్ల పైచిలుకు వెనక్కి వెళ్లి, వానలో తడిసిన ఒక బస్ స్టేజీ దగ్గర మహబూబ్ చాచా గంజు మూత తెరవడం చూస్తున్నాను.

మూతి వెడల్పుగా ఉండే అల్యూమినియం వంటపాత్రను మా దగ్గర గంజు అంటారు. మా ఊళ్లో ఇప్పటికీ ఎవరైనా గొడుగో తాళంచెవో ఎక్కడైనా మరచి వస్తే "ఏందిరా, మహబూబ్ గంజు చేసినవా?" అంటారు. ఆ గంజును చూడనివాళ్లు, ఆ రోజుకి ఇంకా పుట్టనివాళ్లు కూడా అంటారు. ఆ మాట అబద్ధం మీద పుట్టిన మాట. ఆ అబద్ధం చెప్పింది నేను. ఈ మధ్యనే చాచా ముందు కూర్చుని ఒప్పుకోగలిగాను గనుక, ఇప్పుడు నలుగురికీ చెప్పడానికి నోరు వచ్చింది.

మా ఊరు భానూర్‌కు దగ్గరే. పెద్ద రోడ్డు మీద బస్సు దిగి మైలున్నర లోపలికి నడవాలి. మహబూబ్ చాచా మా వాడకట్టులోనే ఉండే వంటమేస్త్రి. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఏ సాయిబుల ఇంట్లో పెళ్లయినా బిర్యానీ వండే పెద్ద దేగు ఆయనదే. మా ఇళ్లలో బోనాలకు యాటను కోసేదీ ఆయనే, పొయ్యి దగ్గర నిలబడి ముక్క ఎంత ఉడికిందో చెప్పేదీ ఆయనే. శ్రావణంలో మా అమ్మ పెట్టే పచ్చిపులుసు కోసం ఆయన, రంజాన్ నాడు చాచీ పంపే సేమియా కోసం మేము, గోడ మీదుగా ఎదురు చూసుకునేవాళ్లం. చాచా ముంజేతుల మీద వెంట్రుకలు నిప్పుకు కాలిపోయి నున్నగా ఉండేవి. దగ్గరికి వస్తే షాజీరా, పుదీనా, కట్టెల పొగ కలిసిన వాసన వచ్చేది. అత్తరు పూసుకున్న పండుగ రోజున కూడా పొగ వాసనే గెలిచేది. ఉప్పు చూడటానికి ఆయన ఎప్పుడూ రుచి చూసేవాడు కాదు. మూత ఓరగా జరిపి, ఆవిరి ముఖానికి తగలనిచ్చి, కళ్లు మూసుకుని "ఇంకో గుప్పెడు" అనేవాడు. ఆ గుప్పెడు తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు.

అన్నం, మాంసం గంజులో పేర్చాక మూత చుట్టూ తడి గోధుమపిండిని తాడులా పేని అంటించేవాడు. ఆవిరి బయటికి పోకూడదు, అదీ దమ్. వంట అయ్యేసరికి ఆ పిండి ఎండి, కాలి, గట్టి కడియంలా మారేది. గరిటె కాడతో టకటకా కొట్టి దాన్ని పగలగొట్టగానే ఆ ముక్కల కోసం పిల్లలం కొట్టుకునేవాళ్లం. లోపలి వైపు మసాలా ఆవిరి పట్టి మెత్తగా, బయటి వైపు బిస్కెట్‌లా కరకరలాడుతూ, కాస్త మాడు చేదుతో ఉండేది ఆ ముక్క. పెళ్లివారి పద్ధతి ఇంకొకటి ఉండేది. అతిథులకు వడ్డించక ముందే వంటమేస్త్రి వాటా ఒక చిన్న గంజులోకి తీసి, దానికీ పిండి పట్టించి, పక్కన నిప్పుల మీద పెట్టేవారు. ఆ గంజుకు గోనెపట్టా చుట్టి, బస్సులో మూత జారకుండా బైండింగు వైరుతో నాలుగు చుట్లు బిగించి, ఇంటికి తెచ్చి చాచీ ముందే తెరిచేవాడు చాచా. మధ్యలో ఎవరూ తెరవకూడదు. తెరిస్తే బర్కత్, అంటే తిండికి ఉన్న దీవెన, పోతుందని ఆయన నమ్మకం.

మా బాపు గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో రియాక్టర్ దగ్గర పనిచేసేవాడు. పొద్దుటి షిఫ్టు అయ్యాక నాలుగున్నరకు స్టేజీ దగ్గర దిగేవాడు. బడి వదిలాక నేను అక్కడికే వెళ్లి, స్టేజీ వెనక మెత్తటి మట్టిలో గోటీలాడుతూ ఆయన కోసం చూసేవాణ్ని. స్టేజీ అంటే మూడు గోడలు, పైన సిమెంటు రేకులు, ఒక రాతి బెంచీ. పక్కన మల్లయ్య చాయ్ హోటల్. ఆయన పొయ్యి పక్కన నీళ్లు పట్టుకునే, కంపెనీ నుంచి వచ్చిన నీలం డ్రమ్ము మీద పుర్రె బొమ్మ ఇంకా చెరిగిపోలేదు. ఎన్నోసార్లు కడిగినా ఎండాకాలం ఆ నీళ్లు కాస్త మందు వాసన వేసేవి. మా ఇళ్లలోనూ అవే డ్రమ్ములు, అవే నీళ్లు. గాలిలో కొత్త వాసన వస్తే, అది ఏ కంపెనీదో ముక్కు ఎగబీల్చి చెప్పగలగడం మా ఊరి మగవాళ్లకు పెద్ద గొప్ప.

ఆ ఏడాదే బాంబుల భయంతో బస్సుల్లో కొత్త రాతలు వచ్చాయి. సీటు కింద చూసుకోండి, అనుమానం ఉన్న వస్తువును ముట్టకండి అని. టీవీ ఉన్న రెండు ఇళ్ల నుంచి వార్తలు ఊరంతా పాకేవి. ఊరి పక్కనే సర్కారు వారి ఆయుధాల కార్ఖానా ఉంది కాబట్టి శత్రువు కన్ను ముందుగా మన మీదే పడుతుందని మల్లయ్య, చాయ్ వడబోస్తూ, కాస్త గర్వంగానే చెప్పేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ముసురు. బడి ముందే వదిలారు. నేను స్టేజీ దగ్గరికి చేరేసరికి చాచా పటాన్‌చెరులో పెళ్లి వంట ముగించుకుని బస్సు దిగాడు. రెండు పెద్ద ఖాళీ దేగులు, గరిటెల మూట, గోనె చుట్టిన చిన్న గంజు. ఊళ్లోకి వెళ్లే ట్రాలీ ఆటో దొరికింది. చాచా ముందు కూర్చుని, తల మీద తువ్వాలు కప్పుకుని, "కిష్టా, సామాన్ జెర ఎక్కియ్యి బిడ్డా" అన్నాడు. దేగులు ఎక్కించాను. మూట ఎక్కించాను. గంజును పట్టుకుంటే చేతులకు వెచ్చగా తగిలింది. ఆ వానలో, ఆ చలిలో, పిండి అంచు దగ్గర సన్నటి పగులు నుంచి ఒక ఆవిరి పోగు లేచి నా ముఖానికి తగిలింది. పొద్దున తిన్న జొన్నరొట్టె తర్వాత నా కడుపులో ఏమీ లేదు. అన్నిటికీ మించి, ఎవరితోనూ కొట్లాడకుండా ఆ కాలిన పిండి కడియం మొత్తం నాదే కావాలన్న ఆశ.

గంజును బెంచీ వెనక మూలకు నెట్టేశాను.

"అన్నీ ఎక్కినయా?"

"ఎక్కినయ్ చాచా."

ఆటో వెళ్లిపోయింది. నేను గంజు వైపు వెళ్లేలోగా మల్లయ్య పిలిచి, వాన పెరుగుతోంది, పెంకుటింటి ముసలమ్మకు ఈ చాయ్ ఇచ్చి రమ్మన్నాడు. ఆ ముసలమ్మ ఆపి కట్టెలు లోపల పెట్టించింది. తిరిగి వచ్చేసరికి అరగంట దాటింది. స్టేజీలో ఒక్కరూ లేరు. అందరూ రోడ్డుకు అవతల, వానలో, గుంపుగా నిలబడి ఉన్నారు.

స్టేజీ రేకు పగిలిన చోట నుంచి నీటిబొట్లు సరిగ్గా గంజు మూత మీద పడుతున్నాయి. టక్. కాసేపు ఆగి, టక్. తడిసిన గోనె నుంచి, లోపలి వేడికి, పొగలా ఆవిరి లేస్తోంది. వైరు కొసలు రెండు పైకి పొడుచుకుని ఉన్నాయి. గుంపు ముందు, చెయ్యి అడ్డంగా చాచి, మా బాపు. అప్పుడే కంపెనీ బస్సు దిగినట్టున్నాడు.

"ఒక్కడు గుడ దగ్గరికి పోవద్దు! లోపల రియాక్షన్ నడుస్తున్నది. ప్రెషర్ లీకయితున్నది సూడుండ్రి. గా మూత సుట్టు పెట్టింది సీలు. సీలు పోయిందంటె ఇగ అంతే!"

"గా టక్ టక్ ఏందన్నా?" అని అడిగాడు మల్లయ్య.

బాపు ఒక క్షణం చెవి పెట్టి విన్నాడు. "టైమర్" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది మా ప్రాంతంలోనే జరుగుతుంది. ఎవరూ ఇళ్ల వైపు పరుగెత్తలేదు. మా బాపు తువ్వాలు పిడికిట్లో పట్టుకుని పైకెత్తి, అది ఎటు ఊగుతోందో చూసి, "గాలికి అడ్డంగ ఉరుకుండ్రి!" అని కేక వేశాడు. కంపెనీల్లో పనిచేసే పది పన్నెండు మంది, నేర్పించినట్టే, తువ్వాళ్లు తడిపి ముక్కులకు కట్టుకుని, తూర్పు వైపు మక్కచేనులో పడి పరుగెత్తారు. మిగతావాళ్లు వాళ్ల వెనక. మల్లయ్య పొయ్యి మీద పాలు పొంగిపోయినా తిరిగి చూడలేదు. ఎవరో పటాన్‌చెరు వెళ్లే లారీని ఆపి పోలీసులకు కబురంపారు. రెండు వైపులా బస్సులు ఆగిపోయాయి. మోకాళ్ల లోతు బురదలో మక్కకర్రల మధ్య నా భుజం పట్టుకుని నిలబడ్డ బాపును, ఊళ్లో మాటకు విలువున్న పెద్దమనుషులు "ఇప్పుడేం జెయ్యాలె?" అని అడగడం నేను మొదటిసారి చూశాను. ఆ చెయ్యి కింద నిలబడి, "బాపూ, అది బిర్యానీ" అని ఎలా చెప్పాలి? అది మహబూబ్ చాచాదని అందరికీ తెలిసేదే, దగ్గరికి వెళ్లి చూస్తే. దగ్గరికి వెళ్లవద్దన్నది మా బాపే.

జీపు వచ్చింది. ఎస్సై దూరం నుంచే చూసి, తాడు కట్టించి, హైదరాబాద్ నుంచి మనుషులు రావాలన్నాడు. అప్పుడే ఊరి వైపు నుంచి ట్రాలీ ఆటో మళ్లీ వచ్చి ఆగింది. చాచా దిగి, జనాన్ని కాదు, నేల మీద దేన్నో వెతుకుతున్నట్టు చూస్తూ తాడు కిందుగా వంగి స్టేజీలోకి నడిచాడు. ఇద్దరు పోలీసులు అరుస్తూ వెళ్లి రెక్కలు విరిచి పట్టుకుని బురదలో కూర్చోబెట్టారు. టోపీ జారిపోయింది.

"గది నా గంజు సాబ్! బిర్యానీ సాబ్!"

"ఎవడిచ్చిండు నీకు? ఎవనికిద్దామని పెట్టినవ్?"

నన్ను ఇన్నేళ్లు వెంటాడింది ఆ పోలీసు మాట కాదు. చాచా మా గుంపు వైపు తిరిగి "జెర మీరన్న చెప్పుండ్రి" అన్నప్పుడు, ఆయన చేతి వంట తిని పెరిగిన మా వాళ్లు, తువ్వాళ్లు ముక్కులకు కట్టుకున్నవాళ్లు, రెండడుగులు వెనక్కి వేశారు. నేనూ వేశాను.

చివరికి చాచాయే తెరవాలన్నారు. పోలీసులు జీపు వెనక్కి వెళ్లారు. ఆయన ఒంటరిగా గంజు ముందు గొంతుక్కూర్చుని, వైరు విప్పి, ఒక రాయి తీసుకుని టకటకా పిండి మీద కొట్టాడు. ఒక్కొక్క దెబ్బకూ మక్కచేను మొత్తం కళ్లు మూసుకుంది. మూత లేచింది. తెల్లటి ఆవిరి స్టేజీ నిండా కమ్ముకుని, వానగాలికి విచ్చుకుని, రోడ్డు దాటి, తడి తువ్వాళ్ల గుండా మా అందరి ముక్కుల్లోకీ వచ్చింది. షాజీరా, పుదీనా, వేయించిన ఉల్లిగడ్డ. ఎస్సై ముందుగా నవ్వాడు. తర్వాత ఊరంతా నవ్వింది. బతికిపోయామన్న నవ్వు, ఒకరి మీద ఒకరు పడి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "అన్నా, రియాక్షన్ మంచిగైనట్టున్నది, జెర శాంపిల్ దేవోయ్" అని ఎవరో మా బాపును ఆటపట్టించారు. బాపు తాను బతికున్నన్నాళ్లూ, "సీలయితె సీలే గదరా, ప్రెషరయితె ప్రెషరే గద. నేనేం తప్పు జెప్పిన?" అని వాదిస్తూనే ఉన్నాడు.

నవ్వులు తగ్గాక ఎస్సై అడిగాడు. "ఇక్కడెందుకు వెట్టినవయ్యా మరి?"

"నేను వెట్టలే సాబ్. ఆటోల ఎక్కిందనుకున్న. ఇంటికి వోయి సూస్తె లేదు." చాచా నా వైపు చూశాడు. కోపంగా కాదు. "కిష్టా, ఎక్కిచ్చినవు గద బిడ్డా?"

బాపు చెయ్యి నా భుజం మీదే ఉంది.

"నాకు గంజు ఇయ్యలే చాచా. బెంచీ ఎనుక పెట్టి మీరు బీడీ ముట్టిచ్చుకున్నరు. గటే మర్చిపోయిన్రు."

చాచా నన్ను చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. "అట్లనా? అయితె నేనే మర్చిపోయినట్టున్న సాబ్. మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు. ముందు నువ్వు తిను అన్నాడు ఎస్సై. అందరి ముందూ నిలబడి ఒక ముద్ద తిన్నాడు. ఆ తర్వాత మల్లయ్య హోటల్ ప్లేట్లలో, పాత పేపర్లలో, తలా గుప్పెడు పంచాడు. చాచీ దాకా మెతుకు మిగల్లేదు. నేనూ తిన్నాను. రుచిగానే ఉంది, అది కూడా దాచను. పిండి కడియం ముక్క మాత్రం, ఆయనే ఏరి చేతిలో పెడితే, నమలలేక జేబులో వేసుకున్నాను.

మర్నాటికే సామెత పుట్టింది. ఊరు దాన్ని ప్రేమగానే అనేది. కానీ చాచా ఆ రోజు నుంచి తన మీద తాను నమ్మకం పోగొట్టుకున్నాడు. వేసిన ఉప్పు గుర్తుండటానికి తువ్వాలు కొసకు ముడి వేసుకునేవాడు. ఆ ముడి ఈ రోజుదా నిన్నటిదా అని చాచీని అడిగేవాడు. ఒక పెద్ద పెళ్లిలో, వేశానో లేదో అన్న అనుమానంతో రెండోసారి ఉప్పు వేశాడు. మగపెళ్లివారు దేగు ముందే నానా మాటలన్నారు. తర్వాత ఆయన దేగులు అమ్మేసి ఒక కంపెనీ క్యాంటీన్‌లో ఉల్లిగడ్డలు కోసే పనిలో చేరాడు. ఆవిరితో ఉప్పు చెప్పగలిగిన మనిషి, ఇంకెవరో చెప్పిన లెక్కకు ఉల్లిగడ్డలు కోశాడు, ఇరవై ఏళ్లు. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఊరు వెళ్లినప్పుడల్లా ఆయనకు సలాం చెప్పి త్వరగా లేచి వచ్చేశాను. ఒకసారి నా కొడుకు బడి సంచి మరచి వస్తే నా నోట కూడా ఆ సామెతే వచ్చింది.

ఆ ఆదివారం స్టవ్ ఆపాక చపాతీ తినకుండానే ఊరికి బయలుదేరాను. చాచాకు ఎనభై దాటాయి. చాచీ పోయి నాలుగేళ్లు. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "మీ చాచాకు మతిమరుపు ముదురుతున్నది అన్నా, సంగారెడ్డిల డాక్టర్‌కు సూపెడుతున్నం" అంది కోడలు షబానా, చాయ్ ఇస్తూ. "గిది ఇప్పటిది గాదమ్మా, గంజు కాడికెల్లి ఉన్నదే" అన్నాడు చాచా, నవ్వుతూ. ఆ నవ్వు చూశాక ఇంక ఆగలేకపోయాను.

"గంజు మీరు మర్చిపోలే చాచా. నేనే దాసిన. దొంగతనంగ తిందామని దాసిన. మీరు బీడీ ముట్టియ్యనే లే."

"ముట్టియ్యలేనా?" ఆయన నొసలు ముడిపడింది. "ముట్టిచ్చినట్టు నాకు యాదికున్నదిరా. అగ్గిపెట్టె తడిసింది, రెండు పుల్లలు వోయినయ్..."

"లేదు చాచా. గది నేను చెప్పిన అబద్ధం."

కాళ్లు పట్టుకోబోయాను. ఆయన ఆ సంగతే గమనించలేదు. ఎటో చూస్తున్నాడు. "మీ చాచీ అంటుండె" అన్నాడు, "నువ్వు మర్చిపోయే మనిషివి గాదని. సచ్చేదాంక అన్నది. నేనే నమ్మకపోతి." కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా గొంతు లేచింది. "షబానా! ఓ షబానా! నేను మర్చిపోలేదంట! సున్లే, నేను మర్చిపోనే లే!" ఆ వెంటనే ఆనాటి పెళ్లి ఎవరింట్లోనో, బియ్యం ఎన్ని శేర్లో, లవంగాలు ఎన్నో, వాన ఎప్పుడు మొదలైందో వేళ్ల మీద చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఆగి నా చెవి పట్టుకున్నాడు. "బద్మాష్! గంత గంజు ఒక్కనివే తింటుంటివా? కడుపా, కంపెనీ డ్రమ్మా?" ముప్పై ఏళ్లుగా నా గుండెల మీద ఉన్న బండ ఆ తిట్టుతో దిగిపోయింది.

ఆ రోజు ఆయన నన్ను కదలనివ్వలేదు. కుర్చీ వంటింటి గడపలో వేయించుకుని, షబానాతో వండించాడు. మూత ఓరగా జరిపించి, ఆవిరికి ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, "సగం గుప్పెడు" అన్నాడు. ఎవరినీ అడగలేదు. పిండి తాడు మాత్రం తానే పేనాడు. కోడలికి అది కొత్త. ఆమె ఇంటికి వచ్చాక ఆ ఇంట్లో మూతకు పిండి పెట్టడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు ఆ స్టేజీ లేదు. రోడ్డు వెడల్పులో పోయింది. మక్కచేను ఉన్నచోట ప్లాట్ల రాళ్లు, వాటి నడుమ తుమ్మ మొలకలు. మల్లయ్య హోటల్ లేదు, గోడ మీదుగా గిన్నెలు అందుకునే ఆ గోడలు పెరిగిపోయాయి. ఆ సామెత ఒక్కటే మిగిలింది. మా ఊరివాళ్లు ఎవరైనా ఇది చదివితే నాదొక మనవి: మరచిపోయినవాళ్లను ఇంకేమైనా అనండి, మహబూబ్ పేరు మాత్రం తీయకండి. అబద్ధాలాడే పిల్లల్ని అనడానికి కావాలంటే నా పేరు వాడుకోండి.

బయలుదేరేటప్పుడు, వాటా కింద ఒక చిన్న గంజు గోనెపట్టా చుట్టి నా చేతిలో పెట్టారు. వెళ్లి కారులో పెట్టి వచ్చాను.

"ఎక్కిచ్చినవా?" అన్నాడు చాచా.

"ఎక్కిచ్చిన చాచా."

కర్ర అందుకుని లేచాడు. "సూపియ్యి."

మెల్లగా నడిచి వచ్చి, కారు తలుపు తెరిపించుకుని, వంగి, మూత మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది.

"ఆఁ, ఉన్నది. ఇగ పో" అన్నాడు.